దోవకడ్డం, పనికడ్డం

చిత్తూరు జిల్లా మొత్తానికి సాఫ్ట్‌బాల్ ఆటకు రూల్సు పుస్తకం ఒక్కటే ఉండేది. అదీ అచ్చుపుస్తకం కాదు, తిరుపతి డ్రిల్లు మాస్టరు శాంతయ్య సొంత చేత్తో రాసుకున్న అట్ట నోటుబుక్కు. డెబ్బై రెండులో ఆయన అనంతపురంలో ఎవరో ఆ ఆట ఆడుతుంటే చూసి మనసు పారేసుకున్నాడు. ఒక ఇంగ్లీషు పుస్తకం అడిగి తెచ్చుకొని, ఎండాకాలం సెలవులన్నీ నిఘంటువు ముందేసుకొని కూర్చొని దాన్ని తెలుగులోకి దించాడు. ఆ నోటుబుక్కు చూసి పుత్తూరు మాస్టరు ఒకటి రాసుకుంటే, దాన్ని చూసి పీలేరు మాస్టరు ఇంకొకటి రాసుకున్నాడు. అట్లా మూడేళ్లలో డ్రిల్లు పీరియడున్న ప్రతి బడికీ అది చేరింది.

జనం ఆ ఆటకు లావుబంతాట అని పేరు పెట్టారు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక జట్టు పిల్ల బ్యాటుతో బంతిని కొట్టి పరుగెత్తాలి. ఇసుక నింపిన గోనెసంచులు మూడుంటాయి, వాటినే బేసులంటారు. ఆ మూడూ వరసగా తొక్కి మొదలుపెట్టిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. ఈలోగా రెండో జట్టువాళ్లు బంతిని పట్టి ఆ పిల్లను ఔటు చేయాలి. ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. ఈ కథకు ఇంతమాత్రం తెలిస్తే చాలు, మిగతాది శాంతయ్య మాస్టరుకే సరిగా తెలియదు.

తెలియదని ఎందుకంటున్నానంటే, ఆయన నోటుబుక్కులో పదకొండో పేజీలో ఒక రూలుంది. 'అడ్డం: పరుగెత్తేవాళ్లకు అడ్డమొస్తే తప్పు అడ్డమొచ్చినవాళ్లదే.' బస్సు వచ్చే రోడ్డు మీద తిరిగే మనుషులకు ఈ మాటలో వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. ఎవరూ పెట్టలేదు కూడా. పంకజాక్షి జాతకం మాత్రం ఆ ఒక్క వాక్యంతో అడ్డం తిరిగింది.

పంకజాక్షిది ఐరాల. డెబ్బై అయిదులో పదో తరగతి చదువుతూ జిల్లా జట్ల ఫైనల్లో ఆడింది. రెండో సంచికీ మూడో సంచికీ నడుమ నిలబడి బంతిని ఆపే పని ఆమెది. ఆఖరి వంతులో బంతి నేలబారుగా నేరుగా ఆమె మీదికే వచ్చింది. ఆమె వంగింది, చేతులు చాపింది. అంతలో రెండో సంచి నుంచి పరుగెత్తుకొచ్చిన అవతలి జట్టు పిల్ల ఆమెను గుద్దుకుంది, ఇద్దరూ బోర్లాపడ్డారు. అంపైరు శాంతయ్యే. ఆయన పరుగెత్తుకొచ్చి, పంకజాక్షి కాళ్ల దగ్గర పడి ఉన్న బంతిని తీసి ఆమె చేతికిచ్చి, "అడ్డమొస్తివి గదమ్మా" అన్నాడు. పరుగు వాళ్లకిచ్చాడు. ఆ ఒక్క పరుగుతో ఐరాల జట్టు ఓడిపోయింది.

ఓటమి కన్నా పేరు ఎక్కువ బాధించింది. జట్టులో బ్యాటు వెనక నిలబడి బంతి పట్టే క్యాచరు అలివేలు తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఆమెకు 'అడ్డం పంకజం' అని నామకరణం చేసింది. ఇక చూడండి, బావి దగ్గర అదే, బడిలో అదే, ఆఖరికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల వెంట ఉన్న చుట్టాలావిడ కూడా "ఓ, మన అడ్డం పంకజమేనా" అంది. ఆడిపోసుకునేవాళ్లను పక్కన పెట్టినా, తన వల్లే ఓడిపోయామని ఆమె కూడా నమ్మింది. అది అన్నిటికన్నా బరువు.

అయినా ఆటను వదల్లేదు. శాంతయ్యే ఆమె చేత వ్యాయామ శిక్షణకు దరఖాస్తు రాయించాడు, తన గ్లవుజు ఇచ్చి పంపాడు. చదువు ముగించి ఆమె ఐరాల దగ్గరే ఒక బడిలో డ్రిల్లు టీచరయింది. ఎనభై మూడు వేసవిలో మద్రాసులో అంపైర్లకు పది దినాల క్యాంపు పెడితే ఆయనే పంపాడు. "ఆడపిల్లల ఆటకు ఆడమనిషి అంపైరుంటే బాగుంటాది, పోయి నేర్చుకోని రామ్మా" అన్నాడు. ఆ క్యాంపులో పాఠం చెప్పినాయన వేలూరు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయనకు తెలుగొచ్చు.

పంకజాక్షి ఆయన్ను అడ్డం గురించి అడిగింది.

"ఏ అడ్డం?" అన్నాడాయన.

"ఒకటే గదా సార్ అడ్డం?"

"యాడిది ఒకటే? రెండుండాయి. కొట్టిన బంతి పట్టుకునే పనిలో ఫీల్డరు ఉంటే ఆ దోవ ఫీల్డరుది. రన్నరు సుట్టుకోని పోవల్ల. గుద్దితే రన్నరు ఔటు, దాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. అదే బంతి దాటిపోయినాక ఫీల్డరు దోవలో ఉండిపాయె అనుకో, అప్పుడు దోవ రన్నరుది. తప్పు ఫీల్డరుది, అది అబ్‌స్ట్రక్షను. మనుషుల్ని సూడొద్దమ్మా. బంతి యాడుండాదో సూడు, తీర్పు దానంతటదే వస్తాది."

శాంతయ్య నిఘంటువులో ఆ రెండు ఇంగ్లీషు మాటలకూ 'అడ్డగించుట' అనే ఉండి ఉంటుంది. రెండూ ఒకటే అయినప్పుడు రెండు రూళ్లెందుకు, కాగితం దండగ అనుకొని ఒక్కటే రాశాడు. అంతే జరిగింది. పంకజాక్షి కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు నిలబడింది. ఎనిమిదేళ్లు మోసిన తప్పు తనది కాదని తెలిస్తే సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఒళ్లంతా కోపం వచ్చింది.

ఆ కోపాన్ని మూట కట్టుకొని ఊరికి తెచ్చుకుంది గానీ విప్పలేకపోయింది. గ్లవుజిచ్చిన మనిషి, దరఖాస్తు రాయించిన మనిషి, మద్రాసుకు పంపిన మనిషి. ఆయన దగ్గరికి పోయి మీ నోటుబుక్కు తప్పంటే గురువుకు పంగనామాలు పెట్టినట్టే అవుతుంది. అచ్చుపుస్తకాన్ని సంచిలో పెట్టుకొని ఏడు నెలలు తిరిగింది, మాట మాత్రం పెగల్లేదు.

డిసెంబరులో చిత్తూరు కాలేజీ గ్రౌండులో జిల్లా ఫైనల్ పెట్టారు. చిత్తూరు టౌను పిల్లలకూ ఏర్పేడు పిల్లలకూ పోటీ. బ్యాటు వెనక అంపైరు గోవిందస్వామి. ఆయన పలమనేరు మాస్టరు, ఎవరితోనూ గొడవ పడడు, పాము చావకుండా కర్ర విరగకుండా బతికే రకం. సంచుల దగ్గర అంపైరు పంకజాక్షి. తెల్లచీర, కాన్వాసు బూట్లు, నెత్తిన టోపీ. ఆడమనిషి అంపైరట అని చూడడానికే సగం జనం వచ్చారు. రాష్ట్ర పోటీలకు పంపే అంపైరు పేరు ఆ సాయంత్రమే కమిటీ తేలుస్తుంది. షామియానా కింద మధ్య కుర్చీలో శాంతయ్య కూర్చున్నాడు, ఒళ్లో నోటుబుక్కు. ఏర్పేడు జట్టుకు టీచరుగా వచ్చింది ఎవరనుకున్నారు? ఆ అలివేలే, ఇప్పుడు అలివేలమ్మ.

ఆఖరి వంతు వచ్చేసరికి ఏర్పేడు అయిదు, చిత్తూరు నాలుగు. చిత్తూరు పిల్లలు ఇద్దరు ఔటయ్యారు. మూడో పిల్ల కూడా ఔటైతే కప్పు ఏర్పేడుది. రెండో సంచి మీద మునిరత్నమ్మ అనే పొడుగాటి పిల్ల, మూడో సంచి మీద ఇంకో పిల్ల కాచుకొని ఉన్నారు. ఆ ఇద్దరూ తిరిగొస్తే కప్పు చిత్తూరుది.

బ్యాటు తగిలింది. బంతి నేల మీద ఎగురుకుంటూ రెండో సంచికీ మూడో సంచికీ నడుమకు వచ్చింది. అక్కడ ఏర్పేడు ఫీల్డరు మునెమ్మ ఉంది, పిడికెడంత పిల్ల. మునెమ్మ బంతి కోసం పక్కకు దూకి నేల మీద పడింది. మునిరత్నమ్మ తల వంచుకొని పరుగెత్తుకొచ్చి ఆమె మీద పడింది. దుమ్ము లేచింది. పంకజాక్షి చెయ్యి తనంతట తానే పైకి లేచింది.

"అడ్డం!" అని అరిచింది.

మునిరత్నమ్మ లేచి మళ్లీ పరుగందుకుంది. ఏర్పేడు పిల్లలు బంతి ఏరుకొని విసిరేలోపల ఇద్దరూ చేరిపోయారు. అడ్డం అంటే నోటుబుక్కు ప్రకారం ఫీల్డరు తప్పే కదా, చిత్తూరు పిల్లలు ఎగిరి గంతులేశారు. పంకజాక్షి రెండు చేతులూ ఊపి ఆపింది.

"రన్నరు ఔట్! పరుగులు చెల్లవు!"

గ్రౌండు ఒక్క క్షణం నోరు తెరిచింది. తరువాత అందరూ ఒకేసారి లోపలికి వచ్చిపడ్డారు. గోవిందస్వామి మొహానికున్న ఇనుప జాలీ ముసుగు తీసి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"పంకజమ్మా, అడ్డం అంటివి, మళ్లా రన్నరు ఔటంటివి. ఏందమ్మా ఇది? అడ్డమంటే ఫీల్డరుదే గదా?"

"కాదు సార్. పట్టుకునేవాళ్లకు రన్నరు అడ్డమొస్తే రన్నరు ఔటు."

శాంతయ్య షామియానాలోంచి లేచి వచ్చాడు. జనం ఆయనకు దారిచ్చారు. ఆయన నోటుబుక్కు పదకొండో పేజీ తెరిచి, కళ్లజోడు సవరించుకొని, గట్టిగా చదివాడు. ఆ వాక్యం చదవడానికి ఆయనకు పుస్తకం అవసరమే లేదు.

పంకజాక్షి సంచిలోంచి అచ్చుపుస్తకం తీసింది. ఏడు నెలలుగా పెగలని మాట ఇప్పుడు దానంతటదే వచ్చింది. ఇంగ్లీషులో చదివింది, తెలుగులో చెప్పింది. రెండు మాటలున్నాయనీ, రెండింటినీ కలిపి ఒకటి చేశారనీ, జిల్లా అంతా పదేళ్లుగా ఒక కాలితో నడుస్తోందనీ చెప్పింది. కమిటీవాళ్లలో ఇంగ్లీషు వచ్చినాయన ఒకడు పుస్తకం తీసుకొని చూసి, "అవునప్పా, రెండు రూళ్లుండాయి ఈడ" అన్నాడు. శాంతయ్య పదకొండో పేజీని మళ్లీ కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకు జాలి కలగలేదు. కలిగిందంటే అబద్ధం. ఆ క్షణాన ఆమెకు కమ్మగా ఉండింది.

అప్పుడు గోవిందస్వామి, తగవు తీర్చేద్దామని, చాలా మామూలుగా ఒక మాట అడిగాడు.

"సరేనమ్మా, నీ పుస్తకమే రైటనుకుందాం. గుద్దుకునేటప్పుడు బంతి యాడుండె? నాకు బ్యాటు పట్టిన పాప అడ్డముండె, నేను చూళ్లేదు. నువ్వు ఒక్కదానివే చూసింది."

పంకజాక్షి ఇద్దరూ పడిన చోటి వైపు తిరిగింది.

ఏం చూసింది తను? మోకాళ్ల మీద పడిన మునెమ్మను చూసింది. ముక్కులోంచి కారే నెత్తురు చూసింది. ఎనిమిదేళ్ల కిందటి తనను చూసి చెయ్యెత్తింది. మనుషుల్ని సూడొద్దమ్మా అని వేలూరు పెద్దాయన చెప్పిన మాట గాలికి పోయింది. బంతిని చూడలేదా అంటే, చూసింది. మునెమ్మ గ్లవుజు కిందనుంచి దూరిపోయి, వెనకాల గడ్డి మొదలయ్యే చోట ఒక ఎగురు ఎగిరింది. దబ్బుమన్న చప్పుడు ఆ తరువాతే వినిపించింది. బంతి దాటిపోయింది. ఆ తరువాత దోవ మునిరత్నమ్మది, నేల మీద ఉండిపోయిన మునెమ్మదే అడ్డం. ఇప్పుడు తను చదివిన పుస్తకమే ఆ మాట చెబుతోంది.

అంటే నోటుబుక్కు గుడ్డెద్దు చేలో పడ్డట్టు సరైన తీర్పే చెప్పింది.

ఆమె మునెమ్మ వైపు చూసింది. మునెమ్మ ఓణీ చెంగుతో ముక్కు అదుముకుంటూ తల వంచుకుంది. ఆ పిల్లకూ తెలుసు. ఇంకెవరికీ తెలియదు. పట్టబోతుండగానే గుద్దిందని ఒక్క ముక్క చెబితే చాలు. కప్పు ఏర్పేడుకు పోతుంది, అలివేలు నోరు మూతపడుతుంది, నోటుబుక్కు తప్పని జిల్లా అంతా ఒప్పుకుంటుంది, అడ్డం పంకజం అన్న పేరు ఈ గ్రౌండులోనే చచ్చిపోతుంది. చెప్పాలని ఆమెకు ఎంతగా అనిపించిందంటే, నాలుక మీద ఉప్పు తగిలింది.

"దాటినాక సార్," అంది. "బంతి దాటినాక గుద్దుకున్నారు. నేను తొందరపడి చెప్పినాను, తప్పు నాది. రన్నరు సేఫ్. రెండు పరుగులూ చెల్లుతాయి."

ఇక జనం నోటికి మూతేముంది. "ఒక్క బంతికి మూడు తీర్పులప్పా!" అని ఒకడు, "వంటింటి అంపైరు" అని ఇంకొకడు. షామియానాలో ఎవరో చప్పట్లు కొట్టి, "మన మాస్టరు నోటుబుక్కు చెప్పిందే ఖాయమాయె" అన్నాడు. పంకజాక్షి శాంతయ్యతో, "తీర్పు అదే సార్, రూలు మాత్రం తప్పే" అంది. ఆ గోలలో ఆయనకు వినిపించిందో లేదో తెలియదు. ఆయన నోటుబుక్కు మూసేశాడు.

అలివేలమ్మ మాత్రం ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ పొద్దు అడ్డమొచ్చి ఓడిస్తివి. ఈ పొద్దు అంపైరై ఓడిస్తివి. నీతో పడలేము తల్లీ" అంది.

పంకజాక్షికి చెప్పడానికి చాలా ఉంది. అదంతా వదిలేసి పోయి మునెమ్మ తల వెనక్కి వాల్చి, ముక్కు మీద తడిగుడ్డ వేసింది.

సాయంత్రం అయిదు గంటలకు చిత్తూరు బస్టాండులో కాణిపాకం మీదుగా పోయే ఐరాల బస్సు కోసం నిలబడి ఉంటే, శాంతయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. అచ్చుపుస్తకం ఆయన చేతిలో ఉంది. ఆ గొడవలో ఆమె దాన్ని మరిచిపోయి వచ్చింది.

"కమిటీలో నీ పేరు కొట్టేసిరి" అన్నాడు.

"తెలుసు సార్."

"నేనూ కొట్టేయమనే చెప్తిని. అబద్ధమెందుకు." ఆయన ఒక సిమెంటు బల్ల చూసుకొని కూర్చున్నాడు. "అది చెప్పినాక నీ పుస్తకం తెరిస్తి. ఆ రెండు పేజీలు నాలుగు మాట్లు చదివినాను పాపా. రెండు మాటలుండాయి. పదకొండేండ్ల కింద కూడా ఉండినాయి. నేనే చూళ్లేదు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, నోటుబుక్కులో పదకొండో పేజీ తెరిచి, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"తెలుగులో ఏమని రాయల్ల చెప్పు. రెండిటికీ అడ్డమని రాస్తే మళ్లా మొదటికొస్తాది."

ఆమె దీని గురించి ఏడు నెలలు ఆలోచించింది కాబట్టి తడుముకోలేదు.

"ఒకటి దోవకడ్డం సార్, ఇంకొకటి పనికడ్డం. పోయేవాళ్ల దోవకు అడ్డమొస్తే తప్పు ఫీల్డరుది. పట్టేవాళ్ల పనికి అడ్డమొస్తే తప్పు రన్నరుది."

"దోవకడ్డం, పనికడ్డం" అని ఆయన పలుకుతూ రాశాడు. చిన్నపిల్లవాడి అక్షరాల్లా పెద్దవిగా రాశాడు. "నోటుబుక్కులుండే మాస్టర్లందురికీ కార్డులు రాస్తాను. నీ పేరు పెట్టే రాస్తాను." పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు గానీ లేవలేదు.

"పాపా, ఆ పొద్దు నువ్వు పడితివే. అప్పుడు బంతి యాడుండె?"

ఎనిమిదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన.

"వస్తా ఉండె సార్, నా చేతికి మూరెడు దూరంలో ఉండె. నేను దాన్నే చూస్తా ఉంటిని. ఆ పిల్ల నా మీద పడినాక అది నా మోకాలికి తగిలి ఆగిపాయె. నా కాళ్లకాడ ఉంటే మీరే తీసి నా చేతికిస్తిరి గదా."

శాంతయ్య తన అరచెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ బంతిని తీసిన చెయ్యి అదే. "ఇస్తిని," అన్నాడు. "నేనే ఇస్తిని."

ఆయన బల్ల మీద నుంచి లేచాడు. చొక్కా సర్దుకొని, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, గ్రౌండులో నిలబడినట్టు నిలబడ్డాడు. కుడిచేతి పిడికిలి బిగించి పైకెత్తాడు.

"రన్నర్... ఔట్!"

పిల్లలకు కవాతు నేర్పిన గొంతు అది. బస్టాండంతా తిరిగి చూసింది. అరటిపండ్ల బండి దగ్గర బేరం ఆగిపోయింది. అప్పుడే వచ్చి ఆగిన ఐరాల బస్సు కండక్టరు మెట్టు మీద నుంచి తొంగిచూసి, "ఎవురప్పా ఔటు? ఎక్కేవాళ్లుంటే బిరీన ఎక్కండి" అన్నాడు.

పంకజాక్షి ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. శాంతయ్య పిడికిలి ఇంకా దించలేదు. ఆమె కాణిపాకం వచ్చేదాకా కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పక్కసీటు ముసలామె ఏమైందమ్మా అని అడిగితే, "ఏమీ లేదవ్వా, గెలిచినాము" అంది.